రెండోసారి అడగని ఊరు

జనవరి 22, 1991 — రాస్ తనూరా, సౌదీ

నా ఊరిని గంగారాంగాడు ఎత్కపోయిండు.

నిన్న మాపటీలి సైరన్ మోగింది. పన్నెండు మందిమి ఒక్క రూముల. కిటికీలకు టేపు, తలుపు కింద తడి తువ్వాల. కంపౌండు విల్లాల ఉండే తెల్ల సార్లకు గ్యాసు మాస్కులు పంచిన్రు. మాకు — తువ్వాల తడిపి మూతికి కట్టుకోండ్రి, అంతే. కట్టుకున్నం. ఎవడో మూలకు ఏడుస్తున్నడు. నేను గొంతు సవరించుకున్న. ఇట్లాంటప్పుడు ఊరి సంగతి చెప్పేది నేనే గదా... కువైట్ యుద్ధం మొదలైన కాన్నుంచి నేనే. అంతట్ల గంగారాం అందుకున్నడు — "ఒక దీవి ఉంటది. దాని మీద ఒక ఊరు. ఊరికంత ఒకటే దుకాణం..."

నా మాటలు. నా వరుస. దుకాణం, ఫోన్ డబ్బా, పడవ. నేను ఊపిరి తీసుకునే కాడనే వాడు ఊపిరి తీసుకున్నడు. "ఇంక గంగన్న, ఇంక చెప్పు" అంటున్నరు అందరు. మూతికి తువ్వాల ఉన్నది గాబట్టి సరిపాయె, నా మొఖం ఎవ్వలకు కనవడలే.

జనవరి 23

నా ఊరంటె నేను పుట్టింది గాదు. నేను పుట్టింది జగిత్యాల అవతల. వానకాలం బస్సు రాదు. దాని గురించి రాయనీకె ఏం లేదు.

నా ఊరంటె డంకన్ సార్ ఊరు, నేను ఏసీలు చూసే విల్లాల ఉండే సార్‌ది. స్కాట్లండ్ పక్కన సముద్రంల చిన్న దీవి. వంద మంది లేరట. నేను చూడలే. చూడకున్నా కండ్లు మూసుకొని నడుస్త. పడవ దిగంగనే కుడిచేతికి దుకాణం — సార్ చెల్లె మోరాగ్‌ది. అదే పోస్టాఫీసు, అదే పెట్రోల్ పంపు. ఉప్పు, రబ్బరు బూట్లు, గొర్ల మందు, కొవ్వొత్తులు, అన్ని ఒక్క అర్రల. దుకాణం పక్కపొంటి ఎర్ర ఫోన్ డబ్బా. అండ్ల ఫోన్ మోగితె రోడ్డు మీద పోయెటోడు ఎవడైన ఎత్తుతడు, ఎవలకో కనుక్కుంటడు, ఉరికి పోయి వాళ్ళను పిల్చుకొస్తడు. జర పైకెక్కితె హాలు. రేకుల కప్పు. పెండ్లి డ్యాన్సు అండ్లనే, మనిషి పోతె తాగే చాయ్ అండ్లనే, ఓట్లు అండ్లనే. హాలు వెనుక బడి. తొమ్మిది మంది పిల్లలు, ఒక పంతులమ్మ. మా బళ్ళె ఒక్క బెంచికే తొమ్మిది మంది.

నర్సమ్మకు కారుంది. ఎవలకన్న దగ్గొస్తె సూది మందులు పట్టుకొని ఆమెనే ఇంటికొస్తది.

కరెంటు సముద్రం కింద తీగలేసి తెచ్చిన్రు. వంద మంది లేని ఊరికి... సముద్రం కిందికెల్లి! మా ఊరికి స్తంభాలు పాతి ఏండ్లకేండ్లు తీగ కట్టలే. వాటికి బర్రెలను కట్టేసేటోళ్ళం.

కడుపుమంటనే. రాసుకుంటున్న, ఎవడేం చేస్తడు. కాని ఆ మంట నాది. సార్ మెట్ల మీద కూసోని నాకు చెప్పిన ఊరది. గంగారాంకు గాదు.

జనవరి 26

చాయ్ సంగతి.

ఏడో నంబరు విల్లా ఏసీ ఫిల్టర్లు నేనే కడుగుత. మొదట్ల సార్ అడిగేటోడు — చాయ్ తాగుతవా రాజేశం? వద్దు సార్, అనేటోన్ని. సార్ లోపటికి పోయి ఒక్క కప్పుతోని వచ్చి నా ఎదురుంగనే కూసోని తాగేటోడు. ఎండిన నోటితోని ఎన్ని వారాలు చూసిన్నో. అడగంగనే ఎవడన్న అవునంటడా? పిల్వంగనే ఉరుకుతె కరువుల పుట్టిండంటరు. ఒకటికి రెండుసార్లు అననియ్యాలె, మూడోసారి ఒప్పుకోవాలె. అమ్మ నెత్తి మీద మొట్టి నేర్పింది.

తర్వాత ఒకనాడు సార్ అడుగుడే బందువెట్టిండు. నీలం కప్పు తెచ్చి మెట్టు మీద పెట్టిండు. అంచు జర పగిలింది, కాని నాది. అప్పటికెల్లి రోజు రెండు కప్పులు. నా "వద్దు" లోపట ఏమున్నదో ఎక్కడో దీవిల పుట్టినోడు పట్టుకున్నడు. ఇంగ్లీషు గూడ ఆ మెట్ల మీదనే నేర్చిన. ఏడో తరగతి కాడ బడి బందైనోన్ని... సార్ పారేసిన పేపర్లు, డబ్బాల మీది రాతలు, సార్ మాటలు. అర్థం గాని మాటను నోట్లెనే పట్టుకొని క్యాంపుదాక వచ్చేటోన్ని.

గంగారాంకేం తెల్సు ఇయ్యన్ని. వాడు, ఎవలన్న "తిను" అనకముందే చెయ్యి చాపే రకం.

జనవరి 29

ఇయ్యాల సైరన్ మోగంగనే నేనే ముందు అందుకున్న. దాచిపెట్టుకున్న కథ తీసిన. ఏంగస్ తాతది.

తాత బిడ్డ పెండ్లి అవతలి ఒడ్డున. గాలికి పెద్ద పడవ రాలే. చేపల పడవోడు తాత వాకిట్ల నిలవడి అడిగిండు — నా పడవల వస్తవా? తాత మొహమాటంతోని అన్నడు — ఎందుకులే, నీకు తిప్పలు. పడవోడు సరే అని మర్లిపోయిండు. తాత కొత్త కోటు తొడుక్కొని, కోటుకు పువ్వు పెట్టుకొని, తలుపు కాడ నిల్సోని పడవ పోతుంటె చూసిండు. పెండ్లి అయిపోయింది. ఇంకోసారి ఎందుకు అడగలేవురా అని ఊరోళ్ళు అడిగితె పడవోడు అన్నడట — వద్దన్న మనిషిని మళ్ళ అడిగితె ఆయన మాటను నమ్మనట్టు గదా. పెద్దమనిషిని అట్ల అవమానం చేస్తనా?

రూమంత నవ్వింది. క్యాంపు బస్సు తోలే ఖాసిం భాయ్, హైదరాబాద్ ఆయన, తువ్వాల కిందికి గుంజి మరీ నవ్విండు. "అరె మియా, మా గల్లీల దావత్‌కు మూడుసార్లు పిలవకుంటె రిష్తానే తెగుతది!"

గంగారాం అన్నడు, "ముసలోడు పిచ్చోడు. అడగంగనే దుంకాలె పడవల."

నేను గూడ నవ్విన. మస్తు నవ్విన. ఇయ్యాల గెలిచిన.

ఫిబ్రవరి 3

కువైట్ దిక్కుకెల్లి ఒడ్డుకు ముడి నూనె కొట్టుకొచ్చింది. సముద్రం తారు లెక్క. సార్ ఒక పిట్టను తువ్వాలల చుట్టుకొని తెచ్చిండు. మా ఊర్ల గూడ ఇవే ఉంటయి, రాళ్ళ మీద రెక్కలు ఆరేసుకుంట నిల్సుంటయి, అన్నడు. గిన్నెలు తోమే సబ్బుతోని కడిగినం. నేను పట్టుకున్న, సార్ కడిగిండు. నా చేతిని పొడిసింది అది. సార్ దానితోని మెల్లగ మాట్లాడిండు... ఇంగ్లీషు గాదు, వాళ్ళ దీవి భాష. నాతోని ఎన్నడు ఆ భాషల మాట్లాడలే.

పిట్ట మీద గూడ మండింది నాకు.

ఫిబ్రవరి 4

పిట్ట చచ్చింది. సార్ చాయ్ తేలే.

ఫిబ్రవరి 12

ఒక్క మాట గూడ విడువద్దు. మెల్లగ రాస్త.

యుద్ధం అయిపోయినంక సార్ రాబిగ్ పోతడట. ఎర్ర సముద్రం దిక్కు, అక్కడ రిఫైనరీల పని. తనతోని ఒక్క మనిషిని తీస్కపోవచ్చు. మా కఫీల్, మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న అరబ్బు సేటు, వేరే కాడికి పోనీకె ఒక్కనికే రిలీజ్ ఇస్తనన్నడట. ఆ ఒక్కనికి ఇఖామాల, ఈ దేశంల ఉండే కార్డుల, "లేబర్" తీసేసి "టెక్నీషియన్" అని పడ్తది. సార్ కప్పు కింద పెట్టిండు. "రాజేశం, నువ్వు వస్తవా?"

చేతుల ఉన్న ఫిల్టర్ పక్కకు పెట్టిన.

"వద్దు సార్. నాకెందుకు సార్. ఇక్కడ బాగనే ఉన్న."

తల గూడ దించుకున్న, మంచిగ.

సార్ కొంచెంసేపు నన్నే చూసిండు. సరే, అన్నడు. పొగాకు పైపు ముట్టించుకున్నడు.

రేపో ఎల్లుండో మళ్ళ అడుగుతడు. అప్పుడు "మీ ఇష్టం సార్" అంట. ఆ తర్వాత అడిగితె అవునంట. టెక్నీషియన్ రాజేశం! గంగారాంకు ఇప్పుడే చెప్ప. ఇఖామా చేతికొచ్చినంక వాని మూతి ముందర పెట్టి చూపిస్త.

ఫిబ్రవరి 14

అడగలే.

ఫిబ్రవరి 17

ఇయ్యాల ఫిల్టర్లు కడిగినయే మళ్ళ కడిగిన. సార్ ఎదురుంగ అటు ఇటు తిరిగిన. వాళ్ళ ఊర్ల ఆదివారం సంగతి చెప్పిండు. ఆదివారం దుకాణం బందు, పడవ బందు, బట్టలు గూడ తీగ మీద ఆరెయ్యరట. పిల్లల ఉయ్యాలను గొలుసుతోని కట్టేస్తరట. మంచిగనే ఉంది. నాకు చెవుల పడలే. రాబిగ్ మాట కోసం ఆయన మూతినే చూసుకుంట కూసున్న.

ఫిబ్రవరి 26

నిన్న స్కడ్ మిసైల్ అల్ ఖోబర్ దిక్కు పడ్డదట. అమెరికా సిపాయిలు నిద్రపోయే కాడ. ఇయ్యాల ఎవ్వడు కథ అడగలే. అన్నం మిగిలిపోయింది.

మార్చి 1

యుద్ధం బందైంది. క్యాంపుల పళ్ళాలు వాయించుకుంట ఎగిరిన్రు. కిటికీల టేపులు పీకేసినం. అద్దాల మీద బంక పోతలేదు. సార్ గేటు కాడికొచ్చి అందరికి చెయ్యి ఇచ్చిండు. నా చెయ్యి జర ఎక్కువసేపు పట్టుకున్నడు. ఇప్పుడు అడుగుతడనుకున్న...

"మా హాలుల ఇయ్యాల డ్యాన్సు ఉంటది" అన్నడు. అంతే పోయిండు.

మార్చి 12

బురైదా పొమ్మన్నరు. అక్కడ ఖర్జూర తోటల కాడ కంపెనీకి కూలర్ల పని దొరికింది. పది దినాలే అన్నడు సూపర్వైజర్.

"ఏడో నంబరు విల్లా ఎవలు చూస్తరు?"

"గంగారాం."

నా నెత్తి మీద కూలర్ పడ్డట్టైంది. సార్ దగ్గరికి ఉరికిన. కువైట్ల కాలుతున్న నూనె బావుల పొగకు పట్టపగలే ఆకాశం మసి, విల్లాల లైట్లు వేసి ఉన్నయి. "పోయొస్త సార్" అన్న. "మంచిగ పోయిరా రాజేశం" అన్నడు. గేటుదాక వెనక్కి చూసుకుంటనే నడిచిన. ఒక్క మాట ఇంకా ఉన్నది గదా సార్. అడుగు. ఇప్పుడన్న అడుగు.

లైటు బందు చేసి లోపటికి పోయిండు.

ఏప్రిల్ 20 — బురైదా

పది దినాలట. థూ.

మే 31 — బురైదా

తోట అవతల గొర్లు కాసే బంగ్లాదేశోడు ఒకడున్నడు. వానికి మనుషులు దొరకరు, నాకు మాట్లాడే దిక్కు లేదు. వచ్చీరాని హిందీల ఊరు మొత్తం చెప్పిన. దుకాణం, హాలు, నర్సమ్మ. అన్ని విని ఒకటే అడిగిండు — వాళ్ళ గొర్లు ఊరంత కలిసి మేస్తయా, అయితె ఎవలివి ఎవలివో ఎట్ల తెలుస్తది?

నాకు తెల్వదు. ఎన్నడు అడగలే సార్‌ను. ఆ ఊర్ల నేను చూడని సందు ఇంకా ఉన్నట్టు... మనసు పాడైంది. ఈపాటికి గంగారాం అడిగిండేమో.

సెప్టెంబర్ 14 — రాస్ తనూరా

వచ్చిన. పది దినాలు ఎండకాలం మొత్తం మింగినయి. సార్ ఇంకా ఈడనే ఉన్నడు, రాబిగ్ పని ఎన్కకు జరిగిందట.

సెప్టెంబర్ 15

రాత్రి బువ్వ కాడ గంగారాం చుట్టు గుంపు. ఇప్పుడు వాడు బీడీ కూడ పైపు లెక్క పట్టుకుంటున్నడు. "మా సార్ ఊర్ల పడవ రోజు వస్తది..." అంటున్నడు.

దొరికిండు అనుకున్న. "ఆపురా. వారానికి మూడుసార్లే వస్తది. గాలొస్తె అది గూడ రాదు. తెల్వకుంటె నోరు మూసుకో."

అందరు నన్ను చూసిన్రు. గంగారాం బీడీ పక్కన పెట్టిండు, మెల్లగ. "అది పాత పడవ, బామ్మర్ది. కొత్తది వచ్చింది. ముందర మూతి తెర్సుకుంటది, కార్లు సీదా లోపటికే పోతయి. నువ్వు బురైదాల ఉన్నప్పుడు వచ్చింది."

ఒకడు నవ్విండు. తర్వాత అందరు.

ఇంకా ఉన్నయి వాని దగ్గర. హాలు రేకులు తుఫానుకు లేచిపోయినయట, ఊరోళ్ళే ఎక్కి మళ్ళ వేసుకున్నరట. మోరాగ్ దుకాణంల ఐస్‌క్రీం పెట్టె పెట్టింది. నర్సమ్మ మారింది. గొర్ల సంగతి గూడ తెల్సు వానికి — ఒక్కో ఇంటోళ్ళది ఒక్కో రంగు, వీపు మీద పూస్తరట.

నేను లేనప్పుడు నా ఊరు మారింది. నన్ను అడగకుంట.

సెప్టెంబర్ 17

బస్సుల ముందు సీట్ల కూసున్న. ఖాసిం భాయ్ అద్దంల నన్ను చూసి అన్నడు, "సుస్తుగున్నవ్ ఏంది రాజేశం? గంగారాం దావత్ ఇస్తున్నడు గద, నవ్వు జర."

"ఏం దావత్?"

"రాబిగ్ దావత్. డంకన్ సాబ్‌తోని పోతున్నడు, ఈ శుక్రవారం గాదు, వచ్చే శుక్రవారం. రిలీజ్‌కు వాని పేరే పోయింది. నీకు తెల్వదా?"

చెవులల్ల ఇంజిను సప్పుడు తప్ప ఇంకేం లేదు. నన్నడిగిండు భాయ్, అన్న. ముందుగాల నన్నే అడిగిండు. మళ్ళ అడుగుతడని చూస్తున్న.

"నువ్వేమన్నవ్?"

"వద్దన్న. అంటె, ఊకెనే... మర్యాదకు."

ఖాసిం భాయ్ బస్సు పక్కకు ఆపిండు. స్టీరింగు మీద నెత్తి పెట్టి నవ్విండో, బాధపడ్డడో. "అరె పాగల్. ఆ చాయ్ సంగతి గూడ నేనే చెప్పిన సాబ్‌కు. పిలగాడు వద్దంటె వద్దని గాదు సాబ్, అడగకుంట పెట్టెయ్, అని. లేకుంటె ఇయ్యాలటికి గూడ నీ నోరు ఎండేది. చాయ్ అంటె చెప్పిన. రాబిగ్ గురించి అడుగుతడని నాకేం తెల్సు?"

అంటె సార్‌కు నేను అర్థం కాలే. ఒక్కనాడు కాలే. చాయ్ పెట్టుమన్నరు, పెట్టిండు.

సెప్టెంబర్ 19

పోయిన. ఏడో నంబరు. మెట్ల మీద ఇద్దరు. గంగారాం చేతిల నీలం కప్పు. అంచు పగిలిన కాడ నేను ఎన్నడు మూతి పెట్టకపోయేది, వాడు ఆడనే పెట్టి జుర్రుతున్నడు.

వాన్ని పొమ్మన్న. సార్ గూడ వానికి తలూపిండు. పోయిండు.

"సార్, నన్నెందుకు తీస్కపోతలేరు?"

సార్‌కు నిజంగనే అర్థం కాలే. "నిన్నే గదా మొదట అడిగిన. వద్దన్నవు. నాకు బాధైంది. కాని నీ మాట నీది."

"ఇంకోసారి అడగచ్చు గద సార్."

"వద్దన్న మనిషిని మళ్ళ అడుగుడా?" సార్ మొఖం ఎర్రగైంది, ఎండకు గాదు. "మా దగ్గర అట్ల చెయ్యం రాజేశం. నీకు ఏంగస్ కథ చెప్పిన గదా."

చెప్పిండు. నేనే పన్నెండు మందికి చెప్పి నవ్వించిన.

"గంగారాంను గూడ ఒక్కసారే అడిగిన" అన్నడు. "వస్త అన్నడు."

నిల్సున్న. సార్ పైపుల బూడిద దులిపిండు. తర్వాత అన్నడు, గంగారాం తనంతట తాను తప్పుకుంటె పేరు మార్పిస్త, వచ్చే వారం మేం పోయే శుక్రవారం పొద్దుగాల దాక వీలైతది. కాని తప్పుకొమ్మని వానికి నేను చెప్ప. అది న్యాయం గాదు.

న్యాయమట.

వచ్చిన. దారిపొడుగున తిట్టుకున్న ఆ ఊరిని. ఫోన్ డబ్బా ఉంది. నర్సమ్మకు కారుంది. సముద్రం కింద కరెంటుంది, మూతి తెరిసే పడవుంది. ఇంకోసారి అడిగే నోరు ఒక్కనికి లేదు. తాత కోటుకు పువ్వు పెట్టుకొని తలుపు కాడ నిల్సుంటె గూడ కనవడలేదా మీకు? పువ్వు కనవడలేదా?

సెప్టెంబర్ 20

శుక్రవారం. ఇంటోళ్ళకు ఫోన్ చేద్దామని టౌనుకు పోయిన. ఫోన్ కాడ వరుస చూసి మర్లొచ్చిన. ఏం చెప్పాలె? టెక్నీషియన్ ఐతున్నన్నని వైశాఖంలనే ఇంటికి చెప్పించిన.

సెప్టెంబర్ 22

రాయబుద్ధి కాదు. రాయకుంటె పగిలిపోత.

వంట ఇయ్యాల నాది, గంగారాంది. వంతు తప్పదు గదా, పగ ఉన్నా లేకున్నా. వాడు ఉల్లిగడ్డలు కోసిండు, నేను పప్పు పెట్టిన. మాట లేదు. తినుకుంట వాడు తల ఎత్తకుంటనే అన్నడు — "సార్ చెప్పిండు నీ సంగతి. రాబిగ్ నీకే గావాల్నంటె నువ్వే పో. నేను తప్పుకుంట."

పళ్ళెంల చెయ్యి ఆగింది.

దేవుడా, నా నోరు. నా నోటిని నేను ఆపలే. అది దానంతట అదే అన్నది — "నాకెందుకురా. నువ్వే పో."

గంగారాం ఒక్క క్షణం నా దిక్కు చూసిండు. "సరే" అన్నడు. ఇంకొంచెం పప్పు ఏసుకున్నడు.

సరే!

సెప్టెంబర్ 23

పొద్దంత అదే తిరుగుతుంది నెత్తిల. సార్ దీవిల పుట్టిండు. ఆయనకు తెల్వదు, పోనీ. వీడు గోదారి ఒడ్డున పుట్టిండు. మా ఊరికి వాళ్ళ ఊరికి నడుమ రెండు మైళ్ళు. వద్దంటె వద్దని గాదని వీనికి తెల్సు. పప్పు ఏసుకునేటప్పుడు గూడ తెల్సు.

సెప్టెంబర్ 24

నల్ల కాడ పట్టుకున్న వాన్ని. పండ్లు తోముతున్నడు, మూతి నిండ నురగ.

"గంగారాం. మీ అక్క పెండ్లికి మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చిన్రు పిలువనీకె?"

వేళ్ళు మూడు చూపిండు.

"మొదటిసారి మా నాయిన ఏమన్నడు?"

ఊసిండు. "వీలుకాదన్నడు."

"వచ్చినమా లేదా పెండ్లికి?"

"వచ్చిన్రు. ఇంటిల్లిపాది. మీ నాయిన రెండుసార్లు కూసున్నడు బంతికి."

"మరి మొన్న నన్ను ఒక్కసారే ఎందుకు అడిగినవ్ రా?"

నల్ల బందు చేసిండు. మూతి తుడుసుకున్నడు. ఈసారి బామ్మర్ది అనలే.

"నువ్వు వద్దంటవని తెల్సే అడిగిన రాజేశం. నేను గూడ లేబర్‌నే. నాకు మాత్రం వద్దా? అడగంగనే అవునన్న, అది తప్పా? రెండోసారి అడిగితె నువ్వు ఎక్కడ మెత్తబడ్తవో అని బువ్వ గొంతు దిగలే నాకు."

"మస్తు దిగింది. పప్పు అడుగుదాక ఊడ్సినవ్."

వానికి నవ్వొచ్చింది. నాకు గూడ రావద్దని బిగవట్టుకున్న. నవ్వితె అయిపోతది, అప్పుడే వదిలేసినట్టైతది.

అబద్ధం చెప్పలే వాడు. అది ఇంకా మండింది.

చెయ్యి పట్టుకున్న. గట్టిగనే. ఏం చెప్పిన్నో ఉన్నదున్నట్టు రాస్తున్న, మాట తప్పినోడు ఎవడో రేపు ఈ కాగితానికి తెల్వాలె.

"నువ్వు దీవిల పుట్టలే. మన దిక్కు పుట్టినవ్. ఒక్కసారి అడిగితె మన దిక్కు అడిగినట్టు గాదు. ఒకటైంది, ఇంకా రెండున్నయి. అందరు బువ్వకు కూసున్నప్పుడు, అందరి ముందర అడుగు. రెండోసారికి నీ ఇష్టం అంట. ఆడ ఆగకు. మూడోసారి గూడ అడుగు. అప్పుడు అవునంట. అడిగి నువ్వు నాకిస్తె తీసుకుంట. అడగనంటె అదన్న నా మొఖం మీద చెప్పు, మూటగట్టుకొని పో, ఊరు గూడ నువ్వే తీస్కపో, పడవతోని సహా. నడుమల నిలవెట్టకు నన్ను. శుక్రవారం పొద్దుగాల సార్ కారు కదుల్తది. గురువారం మాపటీలి మగ్రిబ్ బాంగు లోపల నాకు జవాబు గావాలె, గంగారాం."